ఎవరూ వెయిట్ చెయ్యని దేశం

"ఈ రోజు నుంచి మన దేశంలో డాక్టరు కోసం ఎవరూ వెయిట్ చెయ్యరు" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు.

ఆ వాక్యం రాసింది నేనే. మంత్రిగారి పేషీలో ప్రెస్ నోట్లు రాయడం నా ఉద్యోగం. నిజం చెప్పాలంటే నేను "ఎక్కువ కాలం వెయిట్ చెయ్యరు" అని రాసి పట్టుకెళ్ళాను. మంత్రిగారు చదివి, నా జేబులోంచి నా పెన్నే తీసుకుని, 'ఎక్కువ కాలం' కొట్టేసి కింద సంతకం పెట్టారు. ఆయన సొంత పెన్ను ఎప్పుడూ పెట్టుకోరు. పక్కన ఎవరుంటే వాళ్ళ పెన్నుతోనే పరిపాలిస్తారు. గొప్పవాళ్ళకీ మనలాంటివాళ్ళకీ తేడా అక్కడే తెలుస్తుంది. ఒక్క మాట రాయడానికి మనం గోళ్ళు కొరుక్కుంటాం. వాళ్ళు రెండు మాటలు కొట్టేసి చరిత్ర సృష్టిస్తారు.

మర్నాడే పని మొదలైంది. ప్రతి ఆస్పత్రిలోనూ 'వెయిటింగ్ రూమ్' అనే బోర్డు పీకి, దాని స్థానంలో 'స్వాగత మందిరం' అనే బోర్డు బిగించారు. బెంచీలు అవే. గోడ మీద చప్పుడు చేసే ఫ్యాను అదే. కానీ అక్కడ కూర్చున్నవాళ్ళు ఇక వెయిట్ చెయ్యడం లేదు, వాళ్ళని ప్రభుత్వం స్వాగతిస్తోంది. పేషెంట్లు అనే మాట కూడా తీసేసి అతిథులు అనమన్నారు. దాంతో దేశం మొత్తం మీద వెయిటింగ్ సున్నాకి పడిపోయింది. కొందరు అతిథుల్ని పోయినేడాది నుంచీ స్వాగతిస్తూనే ఉన్నారు. ఇంత మర్యాద ఏ దేశంలో ఉందో చెప్పండి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అక్క ఈ దేశం వచ్చింది.

అక్క రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. గుడ్డని చేత్తో తడిమి, సుద్దతో ఒక గీత గీసి కత్తెర పెట్టిందంటే ఇక రెండోసారి కొలవక్కర్లేదు. యజమాని అక్కడ ఫ్యాక్టరీ మూసేసి ఇక్కడ తెరిచాడు. కుట్టు మిషన్లూ అక్కా ఒకేసారి దిగారు. మిషన్లు దిగిన పూటే ఇన్‌స్పెక్టరు వచ్చి, మూతలు విప్పి, ఆయిలు చూసి, అన్నీ ఆరోగ్యంగా ఉన్నాయని స్టిక్కర్లు అంటించి వెళ్ళాడు. అక్కకి మాత్రం మెడ కుడిపక్కన బఠాణీ గింజంత గడ్డ ఉంది. దాని జోలికి ఎవరూ రాలేదు.

ఆ సంగతి అక్క మా ఇంట్లో అడుగుపెట్టి చెప్పులు విప్పుతూ చెప్పింది. బయల్దేరే ముందు అక్కడి డాక్టరమ్మకి చూపించిందట. పెద్దావిడ, ఎడమ చేతివాటం, మాట కరుకు. వేలితో నొక్కి చూసి, "దిగగానే అక్కడ చూపించుకో. ఇలాంటివాటితో ఆలస్యం పనికిరాదు. మంచిదైతే అదృష్టం, కాకపోతే రోజులు లెక్కే" అందట. వచ్చే దారిలో బస్సులో రద్దీగా ఉందన్నంత మామూలుగా అక్క ఈ మాట చెప్పి, మంచినీళ్ళు అడిగింది. మా ఆవిడ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

నేను ధైర్యం చెప్పాను. రావలసిన దేశానికే వచ్చావనీ, ఇక్కడ ఎవరూ వెయిట్ చెయ్యరనీ, కావాలంటే పేపరు చూడమనీ చెప్పి చేతికిచ్చాను. అక్క చదివి, "నువ్వు చిన్నప్పుడూ ఇంతేరా. పరీక్ష తప్పి ఇంటికొచ్చి పేపరు కష్టంగా ఇచ్చారనేవాడివి" అంది.

మర్నాడు మా పేట ఆస్పత్రికి తీసుకెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ స్వాగతం చెప్పి, చరిత్ర ఉందా అని అడిగింది. అంటే వైద్య చరిత్ర. ఈ దేశంలో ఎవరి డాక్టరు వాళ్ళకి ఉంటాడు. ఆ డాక్టరు, ఇక్కడ వైద్య చరిత్ర ఉన్నవాళ్ళనే తన మనుషులుగా తీసుకుంటాడు. ఆ చరిత్ర, డాక్టరు ఒకసారి చూశాక మొదలవుతుంది. పద్ధతి ఎంత పకడ్బందీగా ఉందంటే ఎక్కడా సూది దూరే సందు లేదు. అక్క సంచీలోంచి అక్కడి రిపోర్టులు తీసి ఇచ్చింది. ఆ అమ్మాయి ఓపిగ్గా అన్నీ తిరగేసి, "ఇవన్నీ అక్కడి మెడ గురించండీ" అంది.

పోనీ ఎమర్జెన్సీలో చూస్తారా అంటే, నొప్పి ఉందా అన్నారు. లేదంది అక్క. మా అక్కకి అబద్ధం చెప్పడం రాదు, మా ఇంట్లో ఆ విద్య నాకొక్కడికే అబ్బింది. నొప్పి పుట్టాక రమ్మన్నారు. ప్రైవేటుకి వెళ్తే, మీ డాక్టరు దగ్గర్నించి చీటీ తెమ్మన్నారు. చివరికి అక్క తను వదిలి వచ్చిన దేశానికే ఫోను చేసింది. మీరు ఇక్కడ లేరు కదా, మీ పేరు తీసేశాం అన్నారు వాళ్ళు. అక్క ఫోను పెట్టేసి, "అక్కడ వెళ్ళిపోయినదాన్నట. ఇక్కడ ఇంకా రానిదాన్నట. ఒరే, మధ్యలో ఈ మెడ ఎక్కడుందిరా?" అంది.

 ఇలాంటివి తెలీకపోతే సిఫార్సు చేయించుకోవడం మన అలవాటు కాబట్టి, మంత్రిగారి పి.ఎ. దగ్గరికి వెళ్ళాను. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు కదా. నేను ఆయన టేబులుకి నాలుగో టేబులు.

పి.ఎ. గారు తలుపేసి మరీ విన్నారు. విని నొచ్చుకున్నారు. మీ అక్కగారిని ముందుకి జరిపించడం చిటికెలో పని, కానీ ముందుకి జరపాలంటే క్యూ ఉండాలి, క్యూ ఉందని మనమే ఒప్పుకుంటే రేపు మంత్రిగారి మొహం ఎక్కడ పెట్టుకోవాలి అన్నారు. ఆ ప్రెస్ నోటు రాసిన చేత్తోనే ఇలా అడగడానికి నీకు మనసెలా వచ్చిందన్నారు. నేను సిగ్గుపడ్డాను. ఆయన తర్కంలో నాకు తప్పు దొరకలేదు, ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.

అయినా పి.ఎ. గారు మంచివారు. విషయం మంత్రిగారి చెవిన వేశారు. మంత్రిగారి కళ్ళు చెమర్చాయట. దేశం మారి వచ్చిన ఆడపడుచు మెడ పట్టుకుని వీధి వీధీ తిరగడమా అని మూడు రోజులు మథనపడి, ఒక మహత్తర నిర్ణయం తీసుకున్నారు. బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళ కోసం ప్రత్యేకంగా 'నవాగత ఆరోగ్య కేంద్రం'. నవాగతుల్ని ఇకపై ఆ కేంద్రంలోనే చూడాలి. ఆ కేంద్రం చీటీ లేకుండా ఇంకెక్కడా చూడకూడదు. అంతకుముందు అక్కని చూడనన్న ఆస్పత్రులు సొంత ఇష్టంతో చూడనన్నాయి, ఇప్పుడు చట్టప్రకారం చూడనంటాయి. కేంద్రం మాత్రం ఇంకా కట్టలేదు.

"మీ అక్క మెడ వల్ల దేశానికో సంస్థ వచ్చిందయ్యా" అని పి.ఎ. గారు నా భుజం తట్టారు. ఇంటికెళ్ళి చెప్పాను. అక్క అద్దం ముందు నిలబడి మెడకి స్కార్ఫు కట్టుకుంటోంది. ఫ్యాక్టరీలో మిగిలిన ముక్కలతో తనే కత్తిరించుకుంది. గడ్డ అప్పటికి గోళీ అంత అయింది. మా ఆవిడ నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, నీ సంస్థ సంగతి తర్వాత, ఆవిడ అన్నం మింగేటప్పుడు ఎప్పుడైనా చూశావా అని అడిగింది. ఆ రాత్రి భోజనాల దగ్గర చూశాను. ముద్ద మింగి, ఒక క్షణం ఆగి, మళ్ళీ మింగుతోంది. నాకు భయం వేసింది. ప్రెస్ నోట్లు రాసేవాడికి భయం పనికిరాదు, అయినా వేసింది.

కేంద్రం కట్టారు. చూడముచ్చటగా కట్టారు. గాజు తలుపులు, చల్లటి నేల, గోడ నిండా నవ్వుతున్న మంత్రిగారు. డాక్టరు గదిలో కొత్త టేబులు, కొత్త మంచం, ప్లాస్టిక్ కవరు తియ్యని తిరిగే కుర్చీ. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, డాక్టరు లేడు. ఉన్నాడు, కానీ ఇంకా చేరలేదు. గడ్డల వైద్యంలో చెయ్యి తిరిగిన నిపుణుణ్ణి వేరే దేశం నుంచి రప్పించామని నేనే రాశాను. ఆయన వచ్చేశాడని కూడా రాశాను. అంచేత ప్రారంభోత్సవం కాకముందే స్వాగత మందిరం నిండిపోయింది. అక్కకి రెండో బెంచీలో చోటు దొరికింది. పొద్దున అక్కడ కూర్చుని, మధ్యాహ్నం షిఫ్టుకి ఫ్యాక్టరీకి వెళ్ళేది.

కేంద్రానికి సూపరింటెండెంటు ఒకాయన ఉండేవాడు. నిబంధనలంటే ప్రాణం. గోడ గడియారం తప్పు టైము చూపిస్తే తన వాచీని దానికి సరిపెట్టుకునేవాడు, ఎందుకంటే గోడ గడియారం ప్రభుత్వానిది.

మొదటి బెంచీలో, అక్కకి ముందు, ఒక బట్టతలాయన కూర్చునేవాడు. మాసిన చొక్కా, ఒళ్ళో ఫ్లాస్కు. అందరూ ఫ్లాస్కాయన అనేవాళ్ళు. తెచ్చుకున్న కాఫీ మూతలో పోసి పక్కవాళ్ళకి ఇచ్చేవాడు, నోట్లో నాలుక లేని మనిషి. రోజూ చూసీ చూసీ ఒకనాడు అక్క, మీకేం జబ్బండీ అని అడిగింది. నేనూ అక్కడే ఉన్నాను.

"జబ్బేం లేదమ్మా. నేను ఆరోగ్యంగా ఉన్నానని ఒక సర్టిఫికెట్ కావాలి" అన్నాడాయన.

ఎందుకని అడిగితే ఉద్యోగంలో చేరడానికి అన్నాడు. ఏ ఉద్యోగమని అడిగింది అక్క. ఆయన ఫ్లాస్కు ఎత్తి, తాళం వేసి ఉన్న డాక్టరు గది తలుపు చూపించాడు.

నేను రాసిన నిపుణుడు ఆయనే. వచ్చిన మాట వాస్తవం. అయితే ప్రభుత్వ డాక్టరుగా చేరాలంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. ఆయన నవాగతుడు కాబట్టి నవాగత కేంద్రం డాక్టరే అది ఇవ్వాలి. ఆ డాక్టరు ఆయనే. నాకు నేనే రాసుకోనా అని సూపరింటెండెంటుని అడిగాడట. వైద్యవృత్తిలో అంత స్వార్థం పనికిరాదని సూపరింటెండెంటు మందలించాడట. దాంతో డాక్టరు కోసం డాక్టరు కూడా అందరితో పాటు బెంచీ మీద కూర్చున్నాడు. ఇంతటి సమానత్వం నేనెక్కడా చూడలేదు.

అక్క స్కార్ఫు పక్కకి తప్పించి, మీరే చూడండి మరి అంది. ఫ్లాస్కాయన చేతులు వెనక్కి లాక్కున్నాడు. ఉద్యోగంలో చేరకుండా పేషెంటు మీద చెయ్యి వేస్తే నేరమనీ, దేశం దాటించేస్తారనీ అన్నాడు. అంటూనే ఆయన కళ్ళు మాత్రం అక్క మెడ మీదే ఉన్నాయి. ఆ చూపు నాకు నచ్చలేదు. 

ఇంతలో ప్రారంభోత్సవం వచ్చింది. మంత్రిగారు రిబ్బను కత్తిరించబోయారు. కత్తెర కుదరక గుడ్డ నలుగుతుంటే, చూస్తూ ఊరుకోలేక మా అక్క వెళ్ళి ఆయన వేళ్ళు సరిగ్గా పెట్టి కత్తిరింపించింది. మంత్రిగారు సంతోషించి, ఆవిడ స్కార్ఫు చూసి, ఈ దేశపు ఫ్యాషన్ అప్పుడే వంటబట్టిందే అన్నారు. గడ్డ కప్పుకోవడానికి కట్టుకున్నానండీ అంది అక్క. కప్పుకోవడం తెలిసినవాళ్ళే పైకొస్తారమ్మా అన్నారు మంత్రిగారు. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత ఫొటో. డాక్టరు పేషెంటుని పరీక్షిస్తూ ఉండాలి, మంత్రిగారు పక్కన నిలబడి ఆనందిస్తూ ఉండాలి. డాక్టరేడీ అన్నారు. సూపరింటెండెంటు వినయంగా ఫ్లాస్కాయన్ని చూపించి, సర్టిఫికెట్ సంగతి వివరించాడు. మంత్రిగారు ఆ మాసిన చొక్కానీ, బట్టతలనీ ఒకసారి చూసి, వీడు పేషెంటులా ఉన్నాడయ్యా అన్నారు. అంత సూక్ష్మదృష్టి. అప్పుడు ఆయన చూపు తలుపు దగ్గర నిలబడి ఉన్న తన డ్రైవరు మీద పడింది.

డ్రైవరు గురించి చెప్పాలి. ఆరడుగుల మనిషి. వెండి జుట్టు, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, గంభీరమైన గొంతు. కారు దిగితే జనం ముందు ఆయనకే దండం పెట్టి, తర్వాత మంత్రిగారి వైపు తిరిగేవాళ్ళు. ఆయనకి తెల్లకోటు తొడిగారు, పుట్టినప్పటి నుంచీ అందులోనే ఉన్నట్టు కుదిరింది. ఫ్లాస్కాయన్ని పేషెంటుగా మంచం మీద పడుకోబెట్టారు. డ్రైవరు స్టెతస్కోపు తీసుకుని ఆయన పొట్ట మీద పెట్టాడు.

"కొంచెం పైకి. ఎడమ పక్కకి" అన్నాడు ఫ్లాస్కాయన పెదవులు కదపకుండా. "చెవుల్లో కూడా పెట్టుకోండి."

ఫొటో అద్భుతంగా వచ్చింది. మర్నాడు అన్ని పేపర్లలోనూ వేశారు. 'నవాగత కేంద్రంలో తొలి సేవ' అని శీర్షిక నాదే. ఓ మూలన అక్క కూడా పడింది, చేతిలో కత్తెర.

అక్కడితో అయిపోవలసింది. కానీ ప్రతిపక్షంవాళ్ళకి పనేముంటుంది. ఆ డాక్టరు ఎవరో, రోజూ వస్తున్నాడో లేదో వచ్చి చూస్తామన్నారు. డ్రైవరు డాక్టరు కాడని చెబితే మంత్రిగారు అబద్ధమాడినట్టవుతుంది. కాబట్టి పి.ఎ. గారు ఉత్తర్వు ఇచ్చారు. ఆ రోజు నుంచి డ్రైవరు, మంత్రిగారిని ఆఫీసులో దింపాక కేంద్రానికి వచ్చి సాయంత్రం దాకా డాక్టరు, తర్వాత మళ్ళీ డ్రైవరు.

ఫ్లాస్కాయనకి ఆశ పుట్టింది. డ్రైవరు దగ్గరికెళ్ళి, మీరిప్పుడు ఈ కేంద్రం డాక్టరు కదా, నా సర్టిఫికెట్ మీద సంతకం పెట్టండి, నేను చేరిపోతాను అన్నాడు. డ్రైవరు సంబరంగా పెన్ను తీశాడు కూడా. సూపరింటెండెంటు అడ్డుపడ్డాడు. ఈ కేంద్రానికి మంజూరైన డాక్టరు పోస్టు ఒక్కటే, అది భర్తీ అయిపోయింది, ఇక మీరు ఆరోగ్యంగా ఉన్నా లేకపోయినా ఒకటే అన్నాడు. ఫ్లాస్కాయన బెంచీ మీదికి తిరిగి వచ్చేశాడు.

అయితే మనుషులన్నాక ఎక్కడో ఒక దారి తొక్కుతారు. డ్రైవరు మంచివాడు, ఒకళ్ళ ప్రాణంతో ఆడుకునే రకం కాదు. పక్కన ఇంకో కుర్చీ వేయించి, ఫ్లాస్కాయన్ని అందులో కూర్చోబెట్టాడు. తొలి పేషెంటు కదా, చికిత్స ఇంకా కొనసాగుతోందని సూపరింటెండెంటుకి చెప్పాడు. అతిథి వచ్చి కూర్చుంటే డ్రైవరు స్టెతస్కోపు పట్టుకుని గంభీరంగా గోడవైపు చూసేవాడు. ఫ్లాస్కాయన చెయ్యి చాపి చూసేవాడు, ఏం రాయాలో గొణిగేవాడు, డ్రైవరు రాసి సంతకం పెట్టేవాడు. ఎవరిది చెయ్యి, ఎవరిది సంతకం అని సూపరింటెండెంటు అడగలేదు. కోటులో మనిషున్నాడు, కాగితం మీద సంతకం ఉంది. ఒక వంటమనిషి దగ్గు తగ్గింది. ఒక తాపీమేస్త్రి మోకాలు దారికొచ్చింది. దేశంలో అదొక్కటే పనిచేసే ఆస్పత్రి అని జనం చెప్పుకోవడం నేను చెవులారా విన్నాను.

చిక్కల్లా ఒకటే. ఈ కేంద్రం విజయగాథ చెప్పడానికి మంత్రిగారు ఊరూరా పర్యటనకి బయల్దేరారు. పర్యటనంటే కారు, కారంటే డ్రైవరు. అంచేత వారంలో ఏ ఒక పూటో డాక్టరు ఉండేవాడు. వంతు తప్పించి ఎవరినీ ముందు పిలవడానికి సూపరింటెండెంటు ఒప్పుకునేవాడు కాదు. అక్క వంతు జరిగి జరిగి వచ్చేసరికి స్కార్ఫు వెడల్పు రెట్టింపైంది. గడ్డ నిమ్మకాయంత ఉంది. గొంతు బొంగురుపోయింది. ఫ్యాక్టరీలో సుద్ద గీత గీసేటప్పుడు తల వంచితే ఊపిరి ఆడటం లేదని మా ఆవిడకి చెప్పిందట, నాకు చెప్పొద్దని కూడా చెప్పిందట. మా ఆవిడ అదే రోజు నాకు చెప్పి, నీ మంత్రిగారికి నా తరఫున కూడా ఒక నోటు రాయి అంది. అందులో ఏం రాయాలో కూడా చెప్పింది. అది పేపర్లో వేసేది కాదు.

అక్క వంతు వచ్చిన రోజు నేను సెలవు పెట్టి వెంట వెళ్ళాను. డ్రైవరు లేచి నిలబడి, రండక్కా అన్నాడు. ఫ్లాస్కాయన ఫ్లాస్కు పక్కన పెట్టాడు. చేతులు రుద్దుకుని వేడిచేసుకుని, అక్క మెడ మీద వేళ్ళు పెట్టాడు. చాలాసేపు తడిమాడు. గుడ్డ తడిమేటప్పుడు అక్క మొహం ఎలా ఉంటుందో ఆయన మొహం అలా ఉంది.

"ఈ వారంలో తీసెయ్యాలి" అన్నాడు. ఈసారి గొణగలేదు. "పై వారం దాకా ఆగకూడదు. పెద్దాస్పత్రికి చీటీ రాయండి, ఇవాళే చేర్చుకోమని రాయండి."

"తీసేస్తే బతుకుతానా?" అంది అక్క.

"ఈ వారం తీసేస్తే" అన్నాడాయన.

డ్రైవరు చీటీ ముందుకి లాక్కున్నాడు. ఆయన చెబుతూంటే అక్షరం పొల్లుపోకుండా రాశాడు. ఇక సంతకం పెట్టబోతుండగా ఫోను మోగింది. పి.ఎ. గారు. ఉన్నపళంగా కారు తియ్యాలి, మంత్రిగారు విమానం ఎక్కాలి.

ఒక్క సంతకం పెట్టి వచ్చేస్తానన్నాడు డ్రైవరు. అప్పటికే సూపరింటెండెంటు గదిలోకి వచ్చి టేబులు పక్కన నిలబడ్డాడు. చీటీ మీద అరచెయ్యి పెట్టాడు. ఆయన గొంతులో కోపం లేదు, బాధే ఉంది.

"పిలుపొచ్చిన క్షణం నుంచీ మీరు డ్రైవరు. డ్రైవరు సంతకంతో ఒక మనిషికి ఆపరేషన్ చేయించమంటారా? ఇది ఆస్పత్రి అనుకున్నారా, ఏమనుకున్నారు?"

డ్రైవరు కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. పెన్ను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మంత్రిగారికి అంత తొందరేమిటని నేను అడిగాను. పొద్దున గడ్డం గీసుకుంటుంటే చెవి వెనక కురుపులా చేతికి తగిలిందనీ, కందిగింజంత ఉందనీ, అంతా కంగారుపడుతున్నారనీ చెప్పాడు. ఏ దేశం వెళ్తున్నారని అడిగాను. ఆయన అక్క వైపు చూసి తల దించుకున్నాడు.

"మీరొచ్చిన దేశానికేనక్కా. అక్కడెవరో పెద్దావిడట, ఎడమ చేత్తో చూస్తుందట. రేపు పొద్దున్నకే అపాయింట్‌మెంట్ ఇచ్చేసింది."

అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. స్కార్ఫు మళ్ళీ చుట్టుకుంది, కొసలు సరిచేసుకుంది.

"ఆవిడ నాకు తెలుసు" అంది. "కనబడితే చెప్పండి బాబూ. దిగగానే వెళ్ళానని చెప్పండి. ఆలస్యం నా వల్ల జరగలేదని చెప్పండి."

సూపరింటెండెంటు ఆవిడకి దారి చూపిస్తూ, డాక్టరుగారు తిరిగొచ్చాక మళ్ళీ మొదటి నుంచీ స్వాగతిస్తామని హామీ ఇచ్చాడు. ఫ్లాస్కాయన సంతకం లేని చీటీ పట్టుకుని గది మధ్యలో నిలబడ్డాడు. నేను బెంచీ మీద అక్క పక్కన కూర్చోబోయాను. మళ్ళీ ఫోను మోగింది, ఈసారి నాకు. ప్రయాణం మీద ప్రెస్ నోటు కావాలి, నువ్వూ అదే కారులో వచ్చెయ్యి అన్నారు పి.ఎ. గారు. వెళ్ళరా, ఉద్యోగం పోగొట్టుకుని నువ్వు చేసేదేముంది ఇక్కడ అంది అక్క. వెళ్ళాను.

మంత్రిగారు వెనక సీట్లో చెవి పట్టుకుని కూర్చున్నారు. పక్కన పి.ఎ. గారు. నేను ముందు, డ్రైవరు పక్కన కూర్చున్నాను. కొంతదూరం పోయాక డ్రైవరు గొంతు సవరించుకుని, సార్, అక్కడ డాక్టరమ్మకి ఒక పేషెంటు చిన్న కబురు చెప్పమందండీ అన్నాడు. రోడ్డు చూసి నడుపు అన్నారు మంత్రిగారు.

నేను ఒళ్ళో కాగితం పెట్టుకుని రెండు వాక్యాలు రాశాను. మొదటిది, 'మంత్రిగారికి ఒక్క రోజు కూడా వెయిట్ చెయ్యకుండా డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికింది' అని. రెండోది, 'మా అక్క ఇంకా బెంచీ మీదే ఉంది' అని. రాసి వెనక్కి అందించాను.

మంత్రిగారు రెండూ చదివారు. ముందుకి వంగి, డ్రైవరు జేబులోంచి పెన్ను తీసుకుని, రెండోది కొట్టేసి కింద సంతకం పెట్టారు.